బ్యార్నార్‌హొప్న్ సొరచేపల మ్యూజియం: వరంగల్ నుంచి వెళ్లేవాళ్లు చూడాల్సిన తీరు, రుచి చూడాల్సిన తీరు

పొద్దున్నే కోళ్ల ఫారం షెడ్డు తలుపు తీస్తే కళ్లు మండించే ఘాటు, తేమ తగిలిన యూరియా బస్తా మూతి విప్పితే ముక్కుకు తగిలే వాసన. రెండూ అమ్మోనియావే. వరంగల్, జనగామ, కరీంనగర్ వైపు ఊళ్లలో పెరిగినవాళ్లకు ఇది కొత్త వాసనేమీ కాదు. ఐస్‌లాండ్ పడమటి తీరంలో బ్యార్నార్‌హొప్న్ సొరచేపల మ్యూజియానికి వెళ్లేవాళ్లు ఈ వాసనను గుర్తు పెట్టుకుని బయల్దేరితే సగం తయారైనట్టే. అక్కడ రుచి చూపించే హౌకర్ట్ల్, అంటే పులియబెట్టి ఆరబెట్టిన గ్రీన్‌లాండ్ సొరచేప, ముక్కుకు తగిలేది ఈ ఘాటుతోనే. చేప మాంసంలోని యూరియా విరిగి అమ్మోనియాగా మారితే వచ్చే వాసన అది. దాన్ని కుళ్లు వాసన అనుకుని వెనక్కి తగ్గినవాళ్లు అసలు విషయం చూడకుండానే తిరిగొస్తారు.

స్నైఫెల్స్‌నెస్ అనే ద్వీపకల్పం ఉత్తరపు అంచున, లావా రాళ్ల నేల దాటాక, సముద్రం పక్కన ఒంటరిగా ఉండే పొలం ఇది. చిన్న చర్చి, ఇల్లు, మ్యూజియం హాలు, వెనక చేప ఆరబెట్టే షెడ్డు. తరతరాలుగా సొరచేపను పులియబెడుతున్న రైతు కుటుంబమే మ్యూజియాన్ని నడుపుతుంది. టూర్ బస్సులో వచ్చి ముక్క నోట్లో వేసుకుని, మొహం చిట్లించిన వీడియో తీసుకుని ఇరవై నిమిషాల్లో ఎక్కేసేవాళ్లు చాలామంది. మీరు గంటన్నర పెట్టుకోండి. హాలు, షెడ్డు, రుచి, మళ్లీ ఒకసారి హాలు. ఈ వరసలో చూస్తే చేసే పని వెనకున్న తెలివి అర్థమవుతుంది.

ఎప్పుడు వెళ్లాలి

మనం మృగశిర కార్తెకు చేపల కోసం మార్కెట్లో నిలబడే జూన్ మొదటి వారాలు అక్కడికి వెళ్లడానికి మంచి కాలం. అర్ధరాత్రి దగ్గర పడేదాకా వెలుతురు ఉంటుంది, రోడ్ల మీద మంచు ఉండదు. డిసెంబర్ చివర్లో అయితే సూర్యుడు పదకొండు దాటాక వచ్చి మూడున్నరకు వెళ్లిపోతాడు. ఆ నాలుగు గంటల్లో కొత్త రోడ్డు మీద పోయి రావడం మనలాంటివాళ్లకు మంచిది కాదు.

తిండి పండగే చూడాలనుకుంటే మాత్రం చలికాలమే రావాలి. మన సంక్రాంతి అయిన వారం పది రోజులకు అక్కడ థోర్రి అనే పాత నెల మొదలవుతుంది. జనవరి 19 నుంచి 25 మధ్య వచ్చే శుక్రవారం దాని మొదటి రోజు. ఫిబ్రవరి మధ్యదాకా ఊరూరా థోర్రాబ్లోత్ విందులు జరుగుతాయి. హౌకర్ట్ల్, వట్టి చేప, పాలవిరుగుడు నీళ్లలో పులియబెట్టిన మాంసం అన్నీ ఒకే పళ్లెంలో కనిపించేది అప్పుడే. మ్యూజియం వేళలు చలికాలంలో తగ్గుతాయి కాబట్టి బయల్దేరే ముందు రోజు వాళ్ల వెబ్‌సైట్ చూసుకోండి.

కాగితాలు, సామాను

ఐస్‌లాండ్ షెంగెన్ దేశం, అంటే ఒకే వీసాతో తిరగగలిగే యూరప్ దేశాల్లో ఒకటి. ప్రయాణానికి ఆరు నెలల ముందు నుంచి దరఖాస్తు పెట్టుకోవచ్చు, 15 రోజులకు తక్కువ ఉంటే తీసుకోరు. వేసవి స్లాట్లు తొందరగా నిండుతాయి కనుక మార్చిలోనే మొదలుపెట్టండి. పెద్దవాళ్లకు వీసా ఫీజు 90 యూరోలు, సర్వీసు చార్జీ వేరు. వైద్య బీమా కనీసం 30,000 యూరోలకు ఉండాలి. పాస్‌పోర్టు గత పదేళ్లలో ఇచ్చినదై, తిరుగు ప్రయాణం తర్వాత కనీసం మూడు నెలలు చెల్లుబాటులో ఉండాలి, రెండు ఖాళీ పేజీలు ఉండాలి.

శంషాబాద్ నుంచి ఐస్‌లాండ్‌కు నేరుగా విమానం లేదు. ఫ్రాంక్‌ఫర్ట్ లాంటి షెంగెన్ నగరం మీదుగా వెళ్తే ఇమిగ్రేషన్ అక్కడే అయిపోతుంది. ఐస్‌లాండ్ విమానాశ్రయం కెఫ్లావిక్‌లో దిగాక మళ్లీ ఆ వరస ఉండదు గానీ, విమానం మారే ఊళ్లో రెండున్నర గంటలైనా వ్యవధి ఉండేలా టికెట్ తీసుకోండి. లండన్ మీదుగా అయితే షెంగెన్ వీసా ఒక్కటి సరిపోదు, ట్రాన్సిట్ వీసా నియమం ముందే చూసుకోవాలి. టికెట్ చవగ్గా ఉందని కొని ఎయిర్‌పోర్టులో ఆగిపోయేది ఎక్కువగా ఇక్కడే.

దారి తిండికి సకినాలు, అటుకులు, పల్లి పొడి, చింతపండు పులిహోర పొడి పెట్టుకోండి. నాటుకోడి పచ్చడి, మటన్ పచ్చడి, నెయ్యి మిఠాయిలు ఇంట్లోనే వదిలేయండి. యూరప్ బయటి నుంచి మాంసం, పాల పదార్థాలు సామానులో తేకూడదన్నది అక్కడి నియమం, పట్టుకుంటే పారేస్తారు. చలి బట్టల్లో ముఖ్యమైనది గాలి దూరని పై కోటు. అదే కోటు షెడ్డులో కూడా పనికొస్తుంది: ఉన్ని స్వెట్టర్ వాసనను పీల్చుకుని రోజుల తరబడి వదలదు, నునుపైన రెయిన్‌కోటును తుడిస్తే పోతుంది.

దారి

రాజధాని రేక్యావిక్ నుంచి మ్యూజియం సుమారు 170 కిలోమీటర్లు. ఆగకుండా పోతే రెండు గంటల పైచిలుకు, పిల్లలతో, ఫొటోలతో అయితే మూడు. సిటీ బస్సులో గుమ్మం దాకా వెళ్లే వీల్లేదు. అద్దె కారు కానీ, స్నైఫెల్స్‌నెస్ చూపించే టూర్ వ్యాన్ కానీ పట్టుకోవాలి. టూర్ తీసుకుంటే మ్యూజియం ఆ జాబితాలో ఉందా అని అడిగి డబ్బు కట్టండి. చాలా టూర్లు కొండలూ జలపాతాలూ చూపించి వెనక్కి తిప్పేస్తాయి.

కారు నడిపేవాళ్లు హనుమకొండ ఆర్టీఏలో ఇంటర్నేషనల్ డ్రైవింగ్ పర్మిట్ తీసుకుని, అసలు లైసెన్సు కూడా వెంట ఉంచుకోవాలి. అక్కడ కుడి పక్క నడపాలి, పగలూ రాత్రీ లైట్లు వేసే ఉంచాలి. ఊరి బయట తారు రోడ్డు మీద 90, కంకర రోడ్డు మీద 80, ఊళ్లో 50 కిలోమీటర్లు. తారు అయిపోయి కంకర మొదలయ్యే చోట వేగం తగ్గించకపోతే చక్రాలు జారతాయి. కొత్తవాళ్లు ఎక్కువగా పల్టీ కొట్టేది అక్కడే.

ఒకటో నంబరు రోడ్డు మీద ఉత్తరానికి పోతే హ్వాల్‌ఫ్యోర్దుర్ సొరంగం వస్తుంది. 1998లో తెరిచిన ఈ సొరంగం 5.77 కిలోమీటర్ల పొడవు, సముద్ర మట్టానికి 165 మీటర్ల కిందకు దిగి పైకి వస్తుంది. 2018 నుంచి టోల్ లేదు. సొరంగం దాటాక బోర్గార్‌నెస్ వచ్చేముందు హాప్నార్‌ఫ్యాట్ల్ కొండ కింద గాలి ఉన్నట్టుండి విరుచుకుపడుతుంది. రోడ్డు పక్కన ఎలక్ట్రానిక్ బోర్డు మీద గాలి వేగం సెకనుకు ఇన్ని మీటర్లని రాసి ఉంటుంది, దాన్ని 3.6తో గుణిస్తే గంటకు ఇన్ని కిలోమీటర్లని తెలుస్తుంది. 15 దాటితే నెమ్మదించాలి, 20 దాటితే ఆ కొండకు ఇవతలే ఆగి టీ తాగడం మేలు. కారు తలుపు తీసేటప్పుడు రెండు చేతులతో పట్టుకోండి. గాలికి విరిగిన తలుపు మామూలు అద్దె బీమాలో చాలాసార్లు రాదు.

బోర్గార్‌నెస్‌లో 54వ రోడ్డు పట్టుకోండి. పెట్రోలు, మంచినీళ్లు, టాయిలెట్ అన్నీ అక్కడే ముగించుకోవాలి. 56వ రోడ్డు మీదుగా కొండ దాటి ఉత్తర తీరానికి వచ్చి, మళ్లీ 54 మీద పడమరకు తిరిగితే బెర్సెర్క్యాహ్రౌన్ అనే లావా మైదానం కనిపిస్తుంది. నాలుగు వేల ఏళ్ల కిందటి లావా, పైన మెత్తటి నాచు. దాని మీద నడవకండి, అడుగు పడిన నాచు కోలుకోవడానికి ఏళ్లు పడుతుంది. అక్కడినుంచి 577వ రోడ్డులోకి తిరిగితే పొలం వస్తుంది. మ్యాప్‌లో పేరు (Bjarnarhöfn) కొట్టేటప్పుడు ఓ మీద చుక్కలు లేకపోయినా దొరుకుతుంది. దగ్గరి పట్టణం స్టిక్కిస్‌హోల్ముర్, సుమారు 20 కిలోమీటర్లు, రాత్రి బస అక్కడ పెట్టుకోవచ్చు.

హాల్లో ఏం చూడాలి

లోపలికి వెళ్లగానే ఇంగ్లిషులో చిన్న పరిచయం చెబుతారు, రుచి ముక్క టికెట్టులోనే భాగం. పరిచయం అయ్యేదాకా ముక్క జోలికి పోవద్దు. ముందు పాత చెక్క పడవ దగ్గర నిలబడండి. చలికాలపు సముద్రంలోకి పైకప్పు లేని ఇలాంటి పడవల్లో తెడ్లేసుకుని పోయి, గొలుసుకు కట్టిన పెద్ద కొక్కేనికి గుర్రపు మాంసమో సీల్ కొవ్వో ఎరగా గుచ్చి రోజుల తరబడి ఎదురు చూసేవాళ్లు. వాళ్లకు కావాల్సింది ముఖ్యంగా మాంసం కాదు, కాలేయంలోని నూనె. కిరోసిన్ రాకముందు యూరప్ నగరాల వీధి దీపాలు వెలిగింది ఇలాంటి నూనెతో. నూనె అమ్ముకున్నాక మిగిలిన మాంసాన్ని పారేయలేని పేదరికం నుంచే హౌకర్ట్ల్ పుట్టింది.

దవడలు దగ్గరగా చూడండి. పై పళ్లు సన్నగా సూదుల్లా, కింది పళ్లు వెడల్పుగా ఒకదాని మీద ఒకటి ఎక్కి ఉంటాయి. పైవి పట్టుకుంటాయి, కిందివి తల తిప్పుతుంటే రంపంలా కోస్తాయి. తోలు ముట్టుకోనిస్తే తల నుంచి తోక వైపు ఒకసారి, తోక నుంచి తల వైపు ఒకసారి రాయండి. ఒక వైపు నున్నగా, ఇంకో వైపు గరుకు కాగితంలా ఉంటుంది.

ఈ చేప వయసు పిల్లలకు తప్పకుండా చెప్పాల్సిన సంగతి. 2016లో శాస్త్రవేత్తలు కంటి కటకంలోని కార్బన్‌తో లెక్కగడితే, ఐదు మీటర్ల ఆడ చేప ఒకటి సుమారు 392 ఏళ్లదని తేలింది. అటూ ఇటూ 120 ఏళ్ల తేడా ఉండొచ్చు. తక్కువలో తక్కువ 272 ఏళ్లు వేసుకున్నా అది మొదటి నిజాం హైదరాబాదును ఏలుతున్నప్పటికే పుట్టిన చేప. పిల్లలు పెట్టే వయసు రావడానికే 150 ఏళ్లు పడుతుంది. అందుకే వేటాడితే మళ్లీ పెరగవు, 2020 నుంచి ఇది ముప్పులో ఉన్న జాతుల జాబితాలో ఉంది. మ్యూజియం వాళ్లు దీని కోసం వేటకు పోరు. వేరే చేపల కోసం వేసిన ట్రాలర్ వలల్లో పడినవాటినే తెచ్చుకుంటారు.

విషం ఎలా పోతుంది

ఇక్కడే ఎక్కువసేపు ఆగాలి. సముద్రపు ఉప్పు తన ఒంట్లో నీటిని లాగేయకుండా సొరచేపలు మాంసంలోనే యూరియాను నిల్వ చేసుకుంటాయి. ఒట్టి యూరియా ఉంటే మాంసంలోని ప్రోటీన్లు దెబ్బతింటాయి, అందుకని దానికి తోడుగా ట్రైమిథైలమీన్ ఆక్సైడ్ అనే పదార్థాన్ని కూడా ఉంచుకుంటాయి. మిగతా సొరచేపల్లోనూ ఈ రెండూ ఉంటాయి. విశాఖ, కాకినాడ వైపు సొర కూరలో కొంచెం ఘాటు తగిలేది అందుకే. గ్రీన్‌లాండ్ సొరచేపలో ఆ రెండో పదార్థం చాలా ఎక్కువ. పచ్చి మాంసం తింటే కడుపులో అది ట్రైమిథైలమీన్‌గా మారి, తాగినవాళ్లలా తూలిపోయేలా చేస్తుంది. గ్రీన్‌లాండ్‌లో బండి లాగే కుక్కలు పచ్చి ముక్కలు తిని లేవలేకపోవడం అక్కడివాళ్లకు తెలిసిన సంగతే.

పాత పద్ధతిలో ఏం చేసేవాళ్లంటే, తల తీసి, శుభ్రం చేసి, పెద్ద ముక్కలు కోసి, సముద్రపు ఒడ్డున గులకరాళ్ల నేలలో తక్కువ లోతు గుంట తీసి అందులో పేర్చేవాళ్లు. పైన ఇసుక, గులక, దాని మీద బరువైన రాళ్లు. రాళ్ల బరువుకు లోపలి ద్రవం పిండినట్టు బయటికొచ్చి గులకలోంచి కిందికి జారిపోతుంది. లోపల బ్యాక్టీరియా యూరియేజ్ అనే ఎంజైముతో యూరియాను అమ్మోనియాగా విరగ్గొడుతుంది. మన వరి మడిలో చల్లిన యూరియాను మట్టిలోని సూక్ష్మజీవులు విరగ్గొట్టేదీ ఇదే ఎంజైముతో. యూరియాను పైపైన వదలకుండా మట్టిలో కలిసేలా వేయమనేది ఆ అమ్మోనియా గాలిలో పోకుండా ఉండటానికే. పొలంలో మనం పట్టి ఉంచాలని చూసే అమ్మోనియాను వాళ్లు కావాలని వదిలించుకుంటారు.

గుంటలో కాలం 6 నుంచి 12 వారాలు, ఎండాకాలమైతే తక్కువ, చలికాలమైతే ఎక్కువ. ఇప్పుడు గుంటలకు బదులు అడుగున నీరు కారిపోయే పెట్టెలు వాడుతున్నారు, సూత్రం ఒకటే. తప్పు జరిగేది ఎక్కువగా మూడు చోట్ల. నీరు కారిపోయే దారి సరిగ్గా లేకపోతే విషపు ద్రవంలోనే మాంసం నానుతుంది. తొందరపడి ముందే తీస్తే లోపలి భాగం పచ్చిగానే ఉంటుంది. వేడి ఎక్కువైతే ఈగలు వాలి నిజంగానే కుళ్లిపోతుంది. ఇంకొక మాట కూడా అక్కడ అడుగుతారు, మాంసం మీద మూత్రం పోస్తారా అని. పోయరు. వాసన చూసి బయటివాళ్లు అల్లిన కథ అది.

షెడ్డు

హాలు వెనక ఉన్న షెడ్డుకు తప్పకుండా నడవండి. దీన్ని హ్యాట్లుర్ అంటారు. గోడలు పలకల మధ్య సందులతో ఉంటాయి, పైకప్పు వాన ఆపుతుంది, సందుల్లోంచి సముద్రపు గాలి ఆడుతుంది. మక్క కంకులు పందిరి కింద వేలాడదీసినట్టు చేప ముక్కలు తాళ్లకు వేలాడుతుంటాయి. నాలుగైదు నెలలు ఇక్కడే. మిగిలిన అమ్మోనియా చాలా వరకు గాలికి పోతుంది, నీరు ఇంకుతుంది, పైన గోధుమ రంగు పెచ్చు కడుతుంది. తినేముందు ఆ పెచ్చు చెక్కేస్తారు, లోపల మీగడ రంగు మాంసం ఉంటుంది.

మన ఊళ్లో చెరువు చేపను ఉప్పు పట్టించి ఎండలో వేస్తే మూడు నాలుగు రోజుల్లో వట్టి చేప తయారు. ఐస్‌లాండ్‌లో ఉప్పు ఉడికించడానికి కట్టెలు లేవు, ఎండ లేదు, ఉన్నది చల్లగాలి ఒక్కటే. ఆ ఉన్నదానితో చేసుకున్న పద్ధతి ఇది. అక్కడి పనివాళ్లు చెప్పేదాకా ముక్కలు ముట్టుకోవద్దు, లోపల గట్టిగా ఊపిరి పీల్చొద్దు. ఆస్తమా ఉన్నవాళ్లు గుమ్మం దగ్గర నుంచే చూడటం మంచిది.

నోట్లో పెట్టుకునే తీరు

ముక్క పాచిక అంత ఉంటుంది, పుల్లకు గుచ్చి ఇస్తారు. వేళ్లతో ముట్టుకోకండి, సాయంత్రం దాకా వాసన పోదు. ఇది రెండు రకాలు: ఒళ్లు భాగం తెల్లగా, జున్ను గడ్డలా మెత్తగా ఉంటుంది, పొట్ట భాగం ఎర్రగా, సాగుతూ ఉంటుంది. మొదటిసారి తినేవాళ్లు తెల్లది అడగండి.

ముందు ముక్కుకు దగ్గర పెట్టుకుని చూడటం పొరపాటు. నోటితో గాలి వదిలి, ముక్క నోట్లో వేసుకుని, ఐదారు సార్లు నమిలి మింగండి. మొదట ఉప్పగా చేప రుచి, ఆ వెంటనే అమ్మోనియా గొంతు వెనక నుంచి ముక్కులోకి ఎక్కుతుంది. అది పది సెకన్లలో తగ్గుతుంది. ఆ పది సెకన్లలో ఉమ్మేస్తే ఘాటే గుర్తుంటుంది, ఓపిక పడితే వెనకాల పాత జున్ను లాంటి రుచి నిలుస్తుంది. నల్ల రై రొట్టె ముక్క తోడుంటే తేలిక. అక్కడివాళ్లు దీని మీద బ్రెన్నివీన్ అనే షాజీరా సారా చిన్న గుక్క వేస్తారు. కారు నడిపేవాళ్లు దాని జోలికి పోవద్దు.

గర్భిణులు, పాలిచ్చే తల్లులు, చిన్న పిల్లలు తినకుండా ఉండటమే మంచిది. ఎక్కువ కాలం బతికే పెద్ద సొరచేపల్లో పాదరసం పేరుకుంటుంది. చేప పడనివాళ్ల సంగతి చెప్పనక్కర్లేదు. మిగతావాళ్లు ఒకటి రెండు ముక్కలతో ఆపండి. శాకాహారులు సిగ్గుపడకుండా వద్దని చెప్పొచ్చు, ఎవరూ బలవంతం చేయరు.

పక్కన పెట్టే హార్ద్‌ఫిస్కుర్ మాత్రం మన నోటికి వెంటనే నచ్చుతుంది. కాడ్ లేదా హాడక్ చేపను గాలికి ఎండబెట్టి చెక్కులా చేసినది, వెన్న రాసుకుని తింటారు. వట్టి చేప తినే ఇంట్లో పుట్టినవాళ్లు దాన్ని ప్యాకెట్టు కొంటారు. డిసెంబర్ 23న ఊళ్లో ఉంటే కైస్త్ స్కాత అనే పులియబెట్టిన టేకు చేప వండే రోజు అది. దాని ఘాటు హౌకర్ట్ల్ కంటే ఎక్కువ, వండిన హోటల్ వాసన వీధి చివరి దాకా తెలుస్తుంది.

ఇంటికి తెచ్చుకోవడం, ఇంట్లో చేయడం

ప్యాకెట్టులో హౌకర్ట్ల్ అమ్ముతారు. కొనకండి. సీలు ఎంత గట్టిగా ఉన్నా ఇరవై గంటల ప్రయాణంలో బ్యాగు బట్టలన్నీ వాసన పడతాయి, శంషాబాద్‌లో కస్టమ్స్ ప్రశ్నలు వేరే. గుర్తుగా కావాలంటే ఒక ఫొటో చాలు.

చెరువు చేపతో ఇలా చేసి చూద్దామన్న ఆలోచన అసలు పెట్టుకోవద్దు. కొర్రమీను, రవ్వ, బొచ్చె మంచినీటి చేపలు. వాటి మాంసంలో సొరచేపకున్నంత యూరియా ఉండదు, కాబట్టి ఈ పద్ధతిలో విరగాల్సినదే వాటిలో లేదు. మన వేడిలో గుంటలో పెడితే రెండు రోజుల్లో కుళ్లుతుంది, గాలి ఆడని చోట బొటులిజం కలిగించే బ్యాక్టీరియా పెరిగే ప్రమాదం ఉంది. దాని విషం రుచిలో తెలియదు. చేప నిల్వ చేయాలంటే మనకు తెలిసిన దారే ఉంది: తాజా చేప, పొట్ట శుభ్రం, బరువులో నాలుగో వంతు రాళ్లుప్పు, రాత్రంతా ఊరనిచ్చి, ఈగ వాలకుండా వల కప్పి, నేలకు ఎత్తుగా కట్టిన పందిరి మీద పూర్తిగా గట్టిపడేదాకా ఎండ.